అంగిరసుని అయస్కాంతము



ఆకాశమున మన కంటికి కానవచ్చు నక్షత్రములు రంగునందును, వెలుగునందును, పరిమాణమునందును ఒకదానినొకటి పోలకపోయినను, వాటిని నిర్మించిన పదార్థము మాత్రము దాదాపు అంతటను ఒక్కటియే యనియు, అందు బరువున ముప్పాతికపాలు హైడ్రోజను కాగా తక్కినదానిలో అత్యధికభాగము హీలియమే యనియు, ఇనుము, కాల్షియము మొదలగు మూలకములన్నియు కలిసి నూటికి ఒకటి రెండు పాళ్లకు మించవనియు గత శతాబ్దపు ఖగోళశాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. ఈ నిర్ధారణకు పునాది వేసినవాడు మేఘనాద సాహా. 1920లో ఆయన తన సమీకరణమును ప్రకటించువరకు, నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీసి చూచినపుడు వాటి నడుమ కనబడు నల్లనిగీతలలో ఏ మూలకమునకు చెందినవి ముదురుగా నున్నవో ఆ మూలకమే అక్కడ మెండుగా నున్నదని అనుకొనుట సులభముగా నుండెను. గీత ముదురుదనమునకు మూలకపు పాలుకంటె అచ్చటి వేడిమియే ప్రధానకారణమని సాహా చూపిన పిమ్మటనే, ఆ సూత్రమును చేపట్టి 1925లో హార్వర్డునందు సిసీలియా పేన్ అను పాతికేండ్ల విదుషి నక్షత్రముల పాళ్లను లెక్కగట్టగలిగెను. నక్షత్రములలో హైడ్రోజనే ప్రధానమన్న ఆమె మాటను పెద్దలు వెంటనే ఒప్పుకొనలేదు. కొన్నేండ్లకు ఒప్పుకొనక తప్పలేదు.

అయినను ఈ సామాన్యసూత్రమునకు తలయొగ్గనట్లు కనబడు నక్షత్రములు కొన్ని ఉన్నవి. సూర్యునికంటె వేడిమి గలిగి, తెల్లగా గాని కొంచెము నీలిఛాయతో గాని వెలుగు తారలలో నూటికి అయిదు మొదలు పది వరకు ఇట్టివి కలవని అంచనా. వీటి వర్ణపటములయందు సిలికాను, క్రోమియము, స్ట్రాన్షియము, యూరోపియము వంటి మూలకములు సూర్యునియందున్న పాలుకంటె పదులరెట్లు, వందలరెట్లు, కొన్ని వేలరెట్లు సైతము అధికముగ నున్నట్లు కనబడును. హీలియము మాత్రము ఉండవలసినంత కనబడదు. అంతటితో పోనీయక, ఆ గీతలు కొన్ని దినముల వ్యవధిలో ముదురుచు పలుచబడుచు నుండును. వాటితోపాటు నక్షత్రపు వెలుగును హెచ్చుతగ్గులగుచుండును. ఆపైన వీటికి అపారమైన అయస్కాంతబలము కలదు. రసాయన వైచిత్ర్యము గల అయస్కాంత చరతారలని శాస్త్రజ్ఞులు వీటిని వ్యవహరింతురు.

అట్టిదానిని చూచుటకు ఎంతో దూరము పోనక్కరలేదు. అది తెలుగువారి ప్రతి పెండ్లిపందిటి మీదనే యున్నది. పురోహితుడు వధూవరులకు అరుంధతిని చూపునపుడు, పగటి ముహూర్తమైనను సరే, ఎండలో చేయెత్తి ఉత్తరముగా చూపుటయు, వారేదో కనబడినట్లే తలయూపుటయు మనకు అలవాటైన వేడుక. రాత్రివేళ నిజముగనే తలయెత్తి చూచినవారికి అరుంధతియు, ఆమె చెంత వసిష్ఠుడును కనబడుదురు. వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పిన క్రమము ప్రకారము సప్తర్షులలో తూర్పుకొనను మరీచి, ఆయన వెనుక వసిష్ఠుడు, వసిష్ఠుని వెనుక అంగిరసుడు. ఈ అంగిరసుడే నేను చెప్పదలచిన నక్షత్రము. పాశ్చాత్యులు దీనిని అలియాత్ అని పిలుతురు. ఏడుగురు ఋషులలోను వెలుగున ఈయనయే మొదటివాడు, క్రతువుకంటె వెంట్రుకవాసి ఎక్కువ. మనకు 80 కాంతిసంవత్సరములకు కొంచెము పైబడిన దూరమున నున్న ఈ నక్షత్రము సూర్యునికంటె బరువున మూడురెట్లు, అడ్డుకొలతలో నాలుగురెట్లు, వెలుగున నూరురెట్లు పెద్దది. ఆకాశమునందలి అయస్కాంత విచిత్రతారలన్నిటిలోను మన కంటికి అత్యంత ప్రకాశముగ కనబడునది ఇదియే. 5 దినముల 2 గంటల 8 నిమిషముల కొకసారి దీని వెలుగు నూటికి రెండు వంతులమేర పెరిగి తరుగును. ఇంతటి స్వల్పభేదము ఎంతటి చూపరికైనను కంటితో తెలియదు గనుక, వేలయేండ్లుగా జనులు చూచుచున్నను ఈ ఋషి చరతార యని ఎవరికిని తోచలేదు.

అయితే ఈ జాతికంతకును పేరిచ్చిన గౌరవము అంగిరసునికి దక్కలేదు. అది సప్తర్షుల చెంతనే, వేటకుక్కల మండలమని పాశ్చాత్యులు పిలుచు చిన్న నక్షత్రసముదాయములోని మొదటి తారకు దక్కినది. ఇంగ్లండులో 1649లో శిరచ్ఛేదము పొందిన మొదటి చార్లెసు రాజు పేరిట దీనికి కోర్ కరోలీ, అనగా చార్లెసు హృదయము, అని పేరు. శిరస్సు పోగొట్టుకొన్న రాజునకు ఆకాశమున హృదయము మిగిలినది. దీనిని గుర్తించుటకు పాశ్చాత్య గ్రంథములు చెప్పు మార్గము తిరుపతి ప్రాంతమున నున్న మనకు తలక్రిందులుగ నుండును. సప్తర్షుల తోకకు దిగువన చూడవలెనని అవి చెప్పును. ఉత్తరమున చాల దూరముగ నున్న దేశములవారికి అది నిజమే. మనకు 13 అంశల చిల్లర అక్షాంశమున, వైశాఖ జ్యేష్ఠములలో రాత్రి తొమ్మిది గంటల ప్రాంతమున ఉత్తరముఖముగ నిలుచున్నచో, అంగిరసుడు దిఙ్మండలమునుండి నడినెత్తికి గల దూరములో సగముకంటె కొంచెము పైన ఉండును. ఆయనకు సూటిగా పైన, చేయి చాచి పట్టుకొన్న పిడికిలికి రెండు వెడల్పులలోపు దూరమున, ఒంటరిగా వెలుగుచున్న తార కోర్ కరోలీ. రెండును దాదాపు ఒకేసారి మధ్యాహ్నరేఖను దాటును గనుక ఒకటి తెలిసినవారికి రెండవది తప్పదు.

చిన్న దూరదర్శినిలో చూచినచో కోర్ కరోలీ రెండు తారలుగ విడిపోవును. వాటిలో పెద్దదియే మనకు కావలసినది. అది మనకు సుమారు 115 కాంతిసంవత్సరముల దూరమున నున్నది. సూర్యునికి మూడురెట్ల బరువు, రెండున్నరరెట్ల అడ్డుకొలత గలది. దాని ఉపరితలమున వేడిమి 11,600 డిగ్రీల ప్రాంతము. ఇది 5 దినముల 11 గంటల 16 నిమిషములకు, శాస్త్రజ్ఞుల లెక్కలో 5.46939 దినములకు, ఒకసారి తనచుట్టు తాను తిరుగును. అదే కాలమున దాని వెలుగు నూటికి పదుమూడు వంతులమేర మారును.

ఈ నక్షత్రమునకును తెలుగునేలకును ఒక పాతసంబంధము కలదు. 1901లో నవాబు జఫర్ జంగు హైదరాబాదులో స్వంత ద్రవ్యముతో నెలకొల్పగా, ఆయన అనంతరము 1908లో నిజాము ప్రభుత్వాధీనమునకు వచ్చిన నిజామియా వేధశాల, దేశదేశముల వేధశాలలు ఆకాశమును వంతులుగా పంచుకొని ఫోటోగ్రాఫులు తీసి నక్షత్రముల పట్టిక తయారుచేయ సంకల్పించిన మహాయత్నములో భాగము తీసికొనెను. మొదట దక్షిణాకాశమున 17 మొదలు 23 అంశల మండలమును ముగించి, జర్మనీలోని పాట్స్‌డాము వేధశాల పూర్తిచేయలేక విడిచిన ఉత్తరమండలమునుండి 36 మొదలు 39 అంశల భాగమును కూడ, టి.పి. భాస్కరన్ అధ్యక్షతన, హైదరాబాదే తలకెత్తుకొనెను. కోర్ కరోలీ స్థానము 38 అంశల పైచిలుకు. అనగా అది హైదరాబాదు వంతులోని నక్షత్రమే. నక్షత్రముల స్థానములు కొలుచుటకే గాని వెలుగుల మార్పు కనిపెట్టుటకు ఆ ఫోటోగ్రాఫు పలకలు తీయబడలేదు. లక్షలకొలది బిందువులను సూక్ష్మదర్శినిక్రింద ఒక్కొక్కటిగా కొలిచి అంకెలు వ్రాసిన ఆ ఉద్యోగుల ఓర్పునకు తగిన కీర్తి తెలుగువారు ఇంకను ఇవ్వలేదని నా అభిప్రాయము.

ఇక దీని వైచిత్ర్యము బయటపడిన కథ. 1897లో హార్వర్డునందు అంటోనియా మోరీ అను విదుషి వేడితారల వర్ణపటములను వర్గీకరించుచు, ఈ నక్షత్రములో కాల్షియపు గీత ఉండవలసినదానికంటె పలుచగాను, సిలికాను గీతలు ముదురుగాను ఉన్నవని వ్రాసి పెట్టెను. 1906లో లూడెన్‌డార్ఫ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కొన్ని గీతలు ఒకనాడున్నట్లు మరొకనాడు లేవని గమనించెను. 1913లో రష్యాలోని పుల్కొవో వేధశాలయందు బెలొపోల్‌స్కీ ఆ మార్పులకు అయిదున్నర దినముల నియతకాల మున్నదని కనిపెట్టెను. ఆయన కన్ను నిలిచినది ముఖ్యముగా ఊదారంగు భాగములోని ఒక గీతపైన. అది ఏ మూలకమునకు చెందినదో అప్పటికి తెలియదు. ఆ యేడే ఇంగ్లండులో బాక్సెండల్ అను ఆయన అది యూరోపియమని తేల్చెను. శ్రోతలలో కొందరికి యూరోపియము పేరు క్రొత్త కావచ్చును. అది విరళమృత్తికలు అను మూలకముల కుటుంబములోనిది. మన తూర్పుతీరపు ఇసుకలలో దొరకు మోనజైటు ఖనిజములో ఈ కుటుంబపు సభ్యులు ఉన్నారు. పాతకాలపు రంగుల టెలివిజనులో ఎఱ్ఱరంగును పుట్టించినది యూరోపియపు మిశ్రమమే. ఫ్రాన్సులో దెమార్సే దానిని వేరుచేసినది 1901లో. పండ్రెండేండ్లలోనే అది నూరు కాంతిసంవత్సరముల ఆవల, మన సూర్యునిలోకంటె ఎన్నోరెట్లు మెండుగా కనబడినది. మరుసటి సంవత్సరము, 1914లో, బెర్లినునందు గుథ్నిక్, ప్రాగెర్ అను ఇరువురు కాంతివిద్యుత్ సాధనముతో కొలిచి, ఆ అయిదున్నర దినములకే వెలుగును మారుచున్నదని చూపిరి. 1932లో ఫార్న్స్‌వర్తు నిర్ణయించిన కాలము 5.46939 దినములు, ఆ అంకె నేటికిని చెల్లుచున్నది. ఇంత ఖండితముగ ఆవర్తించునది తుపానువలె రేగి అణగు అలజడి కానేరదు, భ్రమణమే కావలెను. అయితే ఆ తర్కమును శాస్త్రలోకము వెంటనే చేపట్టలేదు.

అయస్కాంతపు మాట తరువాత వచ్చినది. వెలుగునిచ్చు పరమాణువును అయస్కాంతక్షేత్రమున నుంచినచో, దాని గీత రెండు మూడు పాయలుగా చీలునని 1896లో హాలండులో జీమన్ కనిపెట్టెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను. ఆ సూత్రముతో 1908లో మౌంట్ విల్సనునందు హేల్ సూర్యునిమీది మచ్చలు అయస్కాంతములని నిరూపించెను. సూర్యుడు దగ్గరివాడు, వెలుగు కావలసినంత. నక్షత్రముల విషయమున పని అంత సులభము కాదు. అయస్కాంతబలమును కొలుచు గౌస్ అను ప్రమాణమున వేయి గౌస్‌ల క్షేత్రము ఒక గీతను చీల్చు మేర ఆంగ్‌స్ట్రామ్‌లో నూరవవంతు. నక్షత్రపు గీతలన్ననో అంతకు ఎన్నోరెట్లు వెడల్పుగ ఉండును. హొరేస్ బాబ్‌కాక్ చేసిన యుక్తి యేమనగా, చీలిన పాయలలో ఒకటి కుడివైపునకు, మరియొకటి ఎడమవైపునకు తిరుగు కాంతితో ఏర్పడును గనుక, ఆ రెండు రకముల కాంతిని వేరుపరచి ఒకే పలకపై ప్రక్కప్రక్కనే రెండు వర్ణపటములు పడునట్లు చేసి, ఒకదాని గీతలు రెండవదాని గీతలకు ఎంత జరిగినవో కొలుచుట. ఇట్లు 1946లో కన్యారాశిలోని 78వ సంఖ్య గల నక్షత్రమున ఆయన వేయి గౌస్‌లకు మించిన క్షేత్రమును కనుగొనెను. సూర్యునికి ఆవల అయస్కాంతమున్నదని రుజువైన మొదటి నక్షత్రమిది. ఇందులో ఒక చిత్రము: వేగముగ తిరుగు నక్షత్రములకే అయస్కాంతబలము ఉండవలెనని బాబ్‌కాక్ ఊహ, సన్నని గీతలుగల వేడితారలు మనవైపునకు ధ్రువమును త్రిప్పుకొని వేగముగ తిరుగుచున్నవని భావించి ఆయన వాటిని ఎంచుకొనెను. తీరా చూడగా అవి నిజముగనే మెల్లగా తిరుగునవి. ఊహ తప్పు, ఫలము ఒప్పు. శాస్త్రచరిత్రలో ఇట్టివి తక్కువ కావు.

కొలతల మాట కొంత చెప్పవలెను. తిరుపతిలో దిక్సూచిని త్రిప్పు భూమి అయస్కాంతక్షేత్రము అర గౌస్‌కంటె తక్కువ. అంగిరసునిది ఆ జాతిలో బలహీనమైనదే యైనను భూమికి నూరురెట్లకు తక్కువ కాదు. కోర్ కరోలీయందు అది కొన్ని వేల గౌస్‌లు. 1960లో బాబ్‌కాకే ప్రకటించిన మరియొక నక్షత్రమున 34,000 గౌస్‌లు కలవు. అది నేటికిని ఆయన పేరనే ప్రసిద్ధము. ఇప్పుడు ఈ మాటలు పలుకుచున్న మీ రేడియో స్పీకరులోని అయస్కాంతపు ఇరుకుసందునను వేలకొలది గౌస్‌ల క్షేత్రము ఉండవచ్చును. కాని అది వ్రేలెడు మేర. కోర్ కరోలీలో అంతటి బలము 35 లక్షల కిలోమీటర్ల అడ్డుకొలత గల గోళమంతటను వ్యాపించి యున్నది.

ఈ క్షేత్రమును వరుసగా కొలిచినప్పుడు అది ఒకనాడు ఉత్తరధ్రువమై, కొన్నాళ్లకు దక్షిణధ్రువమై, మరల మొదటికి వచ్చుచుండెను. నక్షత్రము తన అయస్కాంతమును తానే తిరుగవేయుచున్నదా యని మొదట అనుమానపడిరి. 1950లో స్టిబ్స్, ఆ వెనుక డాయిచ్ చెప్పిన సమాధానము సరళమైనది, నేటికిని నిలిచినది: నక్షత్రము తిరుగు ఇరుసు ఒకవైపు, అయస్కాంతపు ఇరుసు మరియొకవైపు వాలి యున్నవి. తిరుగుచుండగా ఒకసారి ఒక ధ్రువము, ఇంకొకసారి రెండవ ధ్రువము మనకు ఎదురగును. ఉపరితలముమీద యూరోపియము పోగైన భాగము మనవైపునకు వచ్చునప్పుడు దాని గీత ముదురును, ఇనుము, క్రోమియము పోగైన భాగము వచ్చునప్పుడు వాటి గీతలు ముదురును. కోర్ కరోలీలో ఈ రెండు వర్గములు ఎదురెదురుగా నుండును గనుక ఒకటి హెచ్చినప్పుడు రెండవది తగ్గును. పైగా, మచ్చ ఒక అంచున కనబడి మనవైపునకు వచ్చునప్పుడు దాని గీత నీలివైపునకును, ఆవలి అంచున మరుగగునప్పుడు ఎఱ్ఱవైపునకును జరుగును. ఈ జరుగుబాటును దినదినము కొలిచి, వెనుకకు లెక్కవేసి, ఎంత గొప్ప దూరదర్శినిలోనైనను బిందువుగనే కనబడు నక్షత్రమునకు ఏ మూలకము ఏ అక్షాంశమున ఎంత కలదో చూపు పటములను నేటి శాస్త్రజ్ఞులు గీయుచున్నారు. అంగిరసునికిని, కోర్ కరోలీకిని అట్టి పటములు కలవు. నా మట్టుకు, చంద్రునిమీద మనుష్యుడు నడచుటకంటె ఇది తక్కువ ఆశ్చర్యము కాదు.

ఇంతకును ఆ యూరోపియము ఎక్కడినుండి వచ్చినది? 1955లో మార్గరెట్, జాఫ్రీ బర్‌బిడ్జ్ దంపతులు కోర్ కరోలీ వర్ణపటమును గీతగీతగా విశ్లేషించి విరళమృత్తికల ఆధిక్యమును లెక్కగట్టిరి. అయస్కాంతక్షేత్రములు కణములను వేగపరుపగా ఉపరితలముననే కేంద్రకచర్యలు జరిగి ఈ మూలకములు పుట్టుచున్నవని కూడ అప్పుడు ఊహించిరి. ఆ ఊహ నిలువలేదు. నిలిచినది 1970లో కెనడా శాస్త్రజ్ఞుడు జార్జి మిషో చెప్పిన మార్గము. మన చిత్తూరు మెట్టపొలములలో వేరుసెనగ కళ్లమున తూర్పారబట్టునప్పుడు నిలకడగా వీచు గాలికి పొల్లు ఒకవైపు పోయి కాయ కాళ్లకడ పడును గదా. నక్షత్రములో లోపలినుండి వెలువడు వెలుగే ఆ గాలి. అయితే ఇక్కడ పైకి లేచునది తేలికయైనది కాదు, వెలుగును ఎక్కువ గీతలవద్ద మ్రింగగలిగినది. యూరోపియము, క్రోమియము, స్ట్రాన్షియము వంటి పరమాణువులకు వేలకొలది గీతలు కలవు. ఒక్కొక్కటి కాంతిని మ్రింగినప్పుడెల్ల పైకి ఒక నెట్టు తగులును. నెట్టు ఆకర్షణను మించినచో పరమాణువు మెల్లమెల్లగా పైకి ప్రాకును. హీలియమునకు అట్టి పట్టు తక్కువ గనుక అది క్రిందికి క్రుంగును. విద్యుదావేశము గల పరమాణువులు అయస్కాంతరేఖలను అడ్డముగా దాటలేవు గనుక, క్షేత్రము నిట్టనిలువుగా నున్నచోట ఒకటి, అడ్డముగా నున్నచోట మరియొకటి పోగై మచ్చలు మచ్చలుగా నిలుచును.

ఈ వివరణ సరియైనచో, వైచిత్ర్యమన్న మాట నక్షత్రమంతటికిని వర్తింపదు. అది చర్మమునకే పరిమితము. పైపొరను ఒలిచి చూడగలిగినచో కోర్ కరోలీ లోపలి పదార్థమును మన సూర్యుని పదార్థమును ఒకే పాళ్లలో ఉండును. సాహా, పేన్‌ల సూత్రమునకు భంగము లేదు. మరి తక్కిన వేడితారలలో ఇట్లేల జరుగదు? అక్కడ నిశ్చలత్వము లేదు. అభిజిత్తు ఇంచుమించు ఇట్టి వేడిమి గలదే యైనను ఒక దినము నిండకముందే ఒక చుట్టు తిరుగును. దాని మధ్యరేఖవద్ద వేగము సెకనుకు 200 కిలోమీటర్ల ప్రాంతము. అంతటి వేగమువలన పుట్టు లోపలి ప్రవాహములు పైపొరను ఎప్పటికప్పుడు కలియబెట్టుచుండును. కోర్ కరోలీ వేగము సెకనుకు 23 కిలోమీటర్లు మాత్రమే. ఆపైన అయస్కాంతరేఖలు వాయువును కదలనీయక బిగించి పట్టును. సెంటీమీటర్ల చొప్పున ప్రాకు పరమాణువులకు ఆ నిశ్శబ్దమే కావలెను. కావున ఈ నక్షత్రమును విచిత్రము చేసినది అందున్న ద్రవ్యము కాదు, అందున్న నిలకడ. ఆ నిలకడను కల్పించిన అయస్కాంతము ఎట్లు పుట్టినదన్నది మాత్రము నేటికిని వివాదమే. నక్షత్రమును కన్న వాయుమేఘములోని క్షేత్రమే శేషించినదని కొందరు, రెండు నక్షత్రములు పూర్వము ఒకటిగ కలిసిపోయినప్పుడు పుట్టినదని కొందరు వాదింతురు. దగ్గరగా చుట్టుకొని తిరుగు జంటతారలలో ఈ జాతి అరుదుగ కనబడుటను బట్టి నా మనస్సు రెండవ వాదమువైపే మొగ్గుచున్నది.

వెలుగు మారుటకు కారణము చెప్పక విడిచినచో కథ సగమే యగును. సూర్యునిమచ్చ నల్లనిది, ఈ మచ్చలు అట్టివి కావు. కోర్ కరోలీలో యూరోపియము మెండుగా కనబడు వేళనే మన కంటికి వెలుగు హెచ్చును. 1970ల ఆరంభమున భూవాతావరణమునకు వెలుపల పరిభ్రమించు ఉపగ్రహ వేధశాలనుండి కొలువగా, కంటికి కనబడు వెలుగు పెరుగు వేళ అతినీలలోహితకాంతి తరుగుచున్నట్లు తేలినది. భారమూలకముల మచ్చ అతినీలలోహితమును మ్రింగి, ఆ శక్తినే మన కంటికి అందు రంగులలో వెలిగ్రక్కుచున్నదన్నమాట. నక్షత్రమువలన వెలువడు మొత్తము కాంతి మారుట లేదు. ఏ రంగులో ఎంతయన్నదే మారుచున్నది.

ఈ జాతిలో మరియొక శాఖ కలదు. 1978లో దక్షిణాఫ్రికానుండి డాన్ కుర్ట్జ్, అంతకుముందే తన వింత వర్ణపటమునకు పేరుపొందిన ప్రిబిల్‌స్కీ నక్షత్రము 12 నిమిషముల కొకసారి స్పందించుచున్నదని కనిపెట్టెను. ఆ పిమ్మట ఇట్టివి ఎన్నో తెలిసినవి. వీటి స్పందనము భ్రమణపు ఇరుసును గాక అయస్కాంతపు ఇరుసును అనుసరించును. వీటిని వెదకుటకు నైనితాలు, దక్షిణాఫ్రికా వేధశాలలు కలిసి పూనిన పనిలో హెచ్.డి. 12098 అను నక్షత్రము 7.6 నిమిషముల కొకసారి స్పందించుచున్నట్లు నైనితాలు దూరదర్శినితో బయటపడినది.

నైనితాలు వేధశాలకు తొలినాళ్లలో రూపు దిద్దినవాడు వైను బప్పు. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. తాను హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదువుచు, ఆ దినములలోనే చరతారలను పరిశీలించి వ్యాసములు వ్రాసినవాడు. హైదరాబాదు సంస్థానపు విద్యార్థివేతనముతో హార్వర్డునకు పోయి, 1949లో తన పేరు కలిసిన తోకచుక్కను కనుగొనినవాడు. కాల్షియపు గీత వెడల్పునుబట్టి చల్లని నక్షత్రముల నిజమైన వెలుగును చెప్పు సూత్రమును 1957లో విల్సనుతో కలిసి ప్రకటించెను. దక్షిణాకాశమును కూడ చూడదగిన స్థలమును వెదకి వెదకి ఆయన ఎంచుకొన్నది జవ్వాది కొండలలోని కావలూరు; నాడది ఉత్తర ఆర్కాడు జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా విడివడువరకు ఉత్తర ఆర్కాడునకు ముఖ్యపట్టణము మన చిత్తూరే. చిత్తూరునుండి గుడియాత్తము, ఆంబూరు, వాణియంబాడి మీదుగా పోవువారికి ఆ కొండ సగము దినపు ప్రయాణము. అక్కడ 1972లో ఒక మీటరు దూరదర్శినియు, 1986లో 2.34 మీటర్ల దూరదర్శినియు వెలసినవి. రెండవదానికి బప్పు పేరే పెట్టిరి. ఆయన 1982లోనే గతించుటచే దానిని చూడలేదు.

ఇక విద్యార్థులకు ఒక మాట. కోర్ కరోలీ వెలుగులోని పదుమూడు వంతుల మార్పును పట్టుటకు కావలూరు పోనక్కరలేదు. ముక్కాలిపీటపై నిలిపిన సాధారణమైన డిజిటల్ కెమేరా చాలును. కటకపు నాభీకరణమును కొంచెము చెదరగొట్టి, నక్షత్రము చుక్కగా గాక చిన్న బిళ్లగా పడునట్లు చేసి, రాత్రికి ఇరువది ముప్పది చిత్రములు తీసి, వాటి సగటును అదే చిత్రములో పడిన చారా అను పొరుగుతారతో పోల్చవలెను. చారా వెలుగు నిలకడగలది, సూర్యుని పోలినది. తిరుపతి దీపముల వెలుగునకు దూరముగా చంద్రగిరి ఆవలి పల్లెలలోనైనను, మదనపల్లెవారైనచో హార్స్‌లీ కొండమీదనైనను, ఈశాన్యపు వానలు వెలిసిన తరువాత మాఘమాసమునుండి అర్ధరాత్రివేళ ఇది చక్కగ అందును. చైత్రము వచ్చుసరికి తొలిజామునకే తూర్పున ఎదుగును. 60 దినములలో నక్షత్రము 11 చుట్లు తిరుగును గనుక, మబ్బుపట్టిన రాత్రులు పోయినను వెలుగురేఖ పూర్తిగా గీయుటకు కావలసిన కొలతలు దొరకును. అంగిరసునితో ప్రారంభింపవద్దు, ఆయన మార్పు రెండు వంతులే, పైగా ఆయన చుట్టు అయిదు దినములకు రెండు గంటలే ఎక్కువగుటచే ప్రతి అయిదవ రాత్రియు ఇంచుమించు అదే ముఖము కనబడును. మన జిల్లాల కళాశాలల భౌతికశాస్త్ర విద్యార్థులు నలుగురైదుగురు జట్టుకట్టి వచ్చు వేసవిలోపున కోర్ కరోలీ వెలుగురేఖను స్వయముగ గీయుదురుగాక యని కోరుచున్నాను.